హెల్వి పెట్టెలో పద్నాలుగో నంబరు

మా గృహసంఘం నియమావళిలో అయిదో ప్రకరణం మూడో పేరా ఇలా అంటుంది: "సౌనా వంతు గల ప్రతి కుటుంబమూ నిర్ణీత సమయం మొదలైన పదిహేను నిమిషాల్లోగా తన నంబరు నొక్కి హాజరు తెలుపవలెను." రాసింది నేనే. వాక్యం బాగా కుదిరిందని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకునేలా కనబడలేదు మరి.

సంఘానికి నేను ఇరవై రెండేళ్ళుగా కార్యదర్శిని. పేరు ఓస్మో. ఔలు ఊళ్ళో, తుయిరా పేటలో, నది ఒడ్డునున్న నాలుగంతస్తుల ఇటుకల భవనం మాది. ఇరవై నాలుగు కాపురాలు, ఒక నేలమాళిగ, నేలమాళిగలో అందరికీ కలిపి ఒకే ఒక సౌనా, అంటే కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పట్టే స్నానపు గది. ఒక్కో కుటుంబానికి వారానికి ఒక గంట. ఆ గంట ఎవరిదో గుర్తుపెట్టుకుని, సమయానికి పొయ్యి వెలిగించి, సమయానికి ఆర్పే పెట్టె ఒకటి సౌనా తలుపు పక్కన గోడకు ఉంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ పెట్టెను చేసిన మనిషి గురించి.

హెల్వి కార్ప్పినెన్ రెండో అంతస్తు. వయసు అరవై ఎనిమిది. ధాన్యం ఆరబెట్టే యంత్రాలకు మెదళ్ళు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. మెదడంటే గోరంత చిప్. అది రైతు కొట్టంలో, దుమ్ములో, గడ్డకట్టే చలిలో ఇరవై ఏళ్ళు పనిచేయాలి, ధర మాత్రం ఒక రొట్టె ధరకు మించకూడదు. అందుకని దాని జ్ఞాపకశక్తి దగ్గర కోత పెట్టేవారు. ఉన్న పిడికెడు చోట్లో అన్నీ ఇరికించడమే హెల్వి ఉద్యోగం. ఉద్యోగం మనిషిలోకి ఎక్కుతుందంటారు కదా, ఆమెకు బాగానే ఎక్కింది. ఆమె వంటింట్లో నాలుగు కప్పులుంటాయి. ఎవరైనా అయిదో కప్పు బహుమతిగా ఇస్తే, ఇచ్చినవాళ్ళు మెట్లు దిగేలోపే పాతదొకటి ఇంకొకరి చేతిలో పెట్టేస్తుంది. మాటల్లోనూ అంతే పొదుపు. "నమస్కారం, బాగున్నావా" అని మనం అంటే "ఊఁ" అంటుంది. అందులో రెండింటికీ జవాబుంది.

తొంభై ఎనిమిదిలో వసంతకాలపు శ్రమదానం రోజున మేమందరం పెరట్లో ఎండుటాకులు ఊడుస్తుంటే, నడుం పట్టేసిందని హెల్వి ఇంట్లో కూర్చుని ఈ పెట్టె తయారుచేసింది. పక్కన ఒక గుండ్రటి మీట, కింద ఒక బొత్తాం, పైన ఒక ఆకుపచ్చ దీపం. మీట తిప్పి మీ నంబరు దగ్గర నిలిపి బొత్తాం నొక్కితే, మీరు వచ్చినట్టు. పెట్టె లోపలి చిప్‌కు పనిచేస్తూ గుర్తుపెట్టుకునే శక్తి నూట ఇరవై ఎనిమిది బైట్లు. బైటంటే ఒక అంకో ఒక అక్షరమో పట్టే చోటు. పైన చెప్పిన నా వాక్యాన్ని మా భాషలో అందులో పెట్టాలని చూస్తే, చివరి క్రియాపదం చలిలో బయటే నిలబడాల్సివస్తుంది.

ఆ చోట్లోనే ఆమె గడియారం, వేడి, వంతులు అన్నీ సర్దింది. ఒక వారం రాలేకపోయినవాళ్ళకు ఆదివారం మధ్యాహ్నం బదులు గంట దొరికే ఏర్పాటు కూడా పెట్టింది. ఎవరు నంబరు నొక్కలేదో పెట్టె రాసుకుంటుంది. వాళ్ళు మళ్ళీ తమ వంతుకు మామూలుగా వచ్చి నొక్కగానే ఆ రాత చెరిపేస్తుంది. రెండు గంటల చర్చ తరువాత, ఏడుగురు అనుకూలంగా, ఒకరు నిద్రలో, ఈ పద్ధతి ఆమోదం పొందింది.

పదిహేనేళ్ళు పెట్టె నోరెత్తలేదు. తరువాత చల్లబడడం మొదలుపెట్టింది.

మొదటి అయిదు సార్లు హెల్వి మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. మా భవనంలో పొరుగువాళ్ళ పనిని తప్పుపట్టడం కంటే చలిలో కూర్చోవడం మర్యాద. హెల్వి ఒక స్క్రూడ్రైవరుతో దిగి, గడియారం సరిచేసి, "తేమ" అని చెప్పి వెళ్ళిపోయేది. నేను పుస్తకంలో "సౌనా చల్లబడినది. నమోదు చేయడమైనది" అని రాసేవాణ్ణి.

ఆరోసారి జనవరి ముప్ఫైన మా అధ్యక్షుడు తైస్తో లూక్కొనెన్ నా తలుపు కొట్టాడు. తైస్తో ముప్ఫయ్యొకటేళ్ళు సిటీ బస్సు నడిపాడు, ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. అతని వంతు శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు. సరిగ్గా ఆరు యాభై ఎనిమిదికి మెట్లు దిగుతాడు. ఇప్పుడు గుమ్మంలో నడుముకు తువ్వాలుతో, కాళ్ళకు రబ్బరు చెప్పులతో, అధ్యక్ష హోదాలో నిలబడ్డాడు.

"కార్యదర్శి గారూ, రాసుకోండి. నలభై రెండు డిగ్రీలు."

"ఎవరికైనా జ్వరమా?"

"సౌనాకి! నలభై రెండుంటే మనిషికి జ్వరం, సౌనాకి చావు. ఆరోసారి, ఓస్మో. ఆరుసార్లూ నా శుక్రవారమే. ఆ హెల్వికి నా మీద ఏమైనా కక్ష ఉందా?"

"ఆమె కక్ష పెట్టుకోదు తైస్తో. చోటు చాలదు."

"సరే, విను. ఇంకొక్కసారి. ఇంకొక్కసారి చల్లబడితే ఏప్రిల్ పద్నాలుగున సర్వసభ్య సమావేశంలో నా ప్రతిపాదన ఉంటుంది. సౌనా మూసేద్దాం, ఆ గదిలో సైకిళ్ళు పెట్టుకుందాం. సైకిలు చల్లగా ఉన్నా ఏమీ అనుకోదు."

ఈ మాట హెల్వికి చేరవేయడం నా విధి. చేరవేశాను. ఆమె "ఊఁ" అంది, కానీ తలుపు వెంటనే మూయలేదు. ఆమె ఒంటరి మనిషి. గురువారం సాయంత్రం తన వంతుకు మరో ముగ్గురు ఆడవాళ్ళను పిలుచుకుంటుంది. ఆ గంటసేపు నేలమాళిగలోంచి ఆమె నవ్వు మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. వారంలో మిగిలిన నూట అరవై ఏడు గంటలు ఆమె ఎవరితో మాట్లాడుతుందో నాకు తెలియదు. సైకిళ్ళతో మాట్లాడదని మాత్రం తెలుసు.

ఫిబ్రవరి అంతా ఆమె తేమతో యుద్ధం చేసింది. వేడి కొలిచే తీగలు మార్చింది, మూత ఊడదీసి రేడియేటరు మీద ఆరబెట్టింది, దానికి రబ్బరు అంటించింది. లాభం ఉందో లేదో తెలిసే దారి లేదు. పెట్టె మళ్ళీ చల్లబడితే తప్ప తెలియదు, చల్లబడితే అంతా అయిపోయినట్టే. మార్చి చివర్లో నా దగ్గరికి వచ్చింది.

"నీ మినిట్స్ పుస్తకం ఇవ్వు."

"ఏ సంవత్సరానిది?"

"తైస్తో తిట్టిన రోజులు."

"అది పదకొండు సంపుటాలు."

"చల్లటి సౌనా గురించి తిట్టినవి. నువ్వు 'నమోదు చేయడమైనది' అని రాసుకుని మురిసిపోయేవి."

తీసిచ్చాను. కిందటేడాది జనవరి పదిహేడు, మార్చి ఇరవై ఎనిమిది, జూన్ ఆరు, సెప్టెంబరు పన్నెండు, నవంబరు ఇరవై ఒకటి, ఈ ఏడాది జనవరి ముప్ఫై. అన్నీ శుక్రవారాలే. హెల్వి నా గోడ క్యాలెండరు దింపి ఒడిలో పెట్టుకుని వారాలు లెక్కపెట్టింది.

"పది. పది. పద్నాలుగు. పది. పది." వేలు జూన్ మీదికి వెనక్కి వెళ్ళింది. "ఈ పద్నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"జూలై," అన్నాను. "జూలైలో అందరూ పల్లె కుటీరాలకి పోతారు. సౌనాకి నాలుగు వారాలు సెలవు. రెండో ప్రకరణం—"

"ఆగు." ఆమె పళ్ళెంలోంచి రెండో యాలకుల బన్ను తీసుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె రెండోది తీసుకోవడం నేను చూడలేదు. "అయితే ఇది తేమ కాదు. తేమ సెలవు తీసుకోదు. ఏదో ఒకటి వారానికొకటి చొప్పున పోగవుతోంది. పదోది పట్టడం లేదు."

మళ్ళీ క్యాలెండరు చూసింది. పదో శుక్రవారం ఏప్రిల్ పది. సమావేశానికి నాలుగు రోజుల ముందు.

ఈస్టరు సెలవులయ్యాక, మంగళవారం ఉదయం, ఇద్దరం నేలమాళిగకు దిగాం. నేను సాక్షిగా వెళ్ళాను. స్టూలు కూడా మోశాను. పెట్టె లోపల ఉన్నదంతా ఒక తీగ గుండా బయటికి చెప్పే ఏర్పాటు ఒకటి హెల్వి మొదట్లోనే పెట్టుకుంది. ఆ తీగ తన పాత కంప్యూటరుకు తగిలించి, స్టూలు మీద కూర్చుని, చదవడం మొదలుపెట్టింది.

"నీకు అర్థమయ్యేలా చెప్తా. నువ్వూ తైస్తో కలిసి వాడే గూడుంది కదా, మంచు మీద జారే స్కీలు పెట్టుకునేది."

"ఉంది. మూడో వంతు నాది."

"ఒక చివర నుంచి నువ్వు పెడతావు, ఇంకో చివర నుంచి అతను. మధ్యలో ఖాళీ. ఈ చిప్ కూడా అంతే. గుర్తుపెట్టుకోవాల్సినవి కింద నుంచి పైకి పేరుస్తుంది. ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ఒక చీటీ రాసి పై నుంచి కిందికి పేరుస్తుంది. రెండూ కలవనంతవరకు ఫరవాలేదు. కలిశాయనుకో, చీటీ మీద ఇంకేదో రాసేస్తుంది. తిరిగి ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. దారితప్పి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. గడియారం సోమవారం సున్నా గంటలకి పోతుంది. సోమవారం సున్నా గంటలకి సౌనా ఎవరికి కావాలి? పొయ్యి ఆర్పేస్తుంది."

"మధ్యలో ఎంత ఖాళీ ఉందో ఎలా తెలుస్తుంది?"

"మొదలుపెట్టేటప్పుడే ఖాళీ అంతటా ఒకే గుర్తు పరుస్తాను. రాత్రి పడ్డ మంచులాగా. పొద్దున చూస్తే ఎవరు ఎంతవరకు నడిచారో అడుగులు కనబడతాయి." తెర మీదికి వంగింది. "ఓస్మో, మంచు లేదు. ఒక్క బైటు కూడా లేదు. అంచు దాకా వచ్చేసింది."

"ఏం వచ్చింది?"

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, చర్చిలో పాఠం చదివినట్టు చదివింది: "పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు."

పద్నాలుగో నంబరు శుక్రవారం ఆరు గంటలు. అర్వి కెంప్పైనెన్, అతని భార్య రౌనిల వంతు. అర్వి పోయి పదిహేడు నెలలయింది. అంత్యక్రియలకు అందరం వెళ్ళాం. ఆ తరువాత వంతుల పట్టికలోంచి అతని పేరు తీయాలని ఎవరికీ నోరు రాలేదు. రౌని వస్తూనే ఉందనుకున్నాం. ఆరు నుంచి ఏడు దాకా ఆ గదిలో ఎవరున్నారో చూడడం మా భవనంలో ఎవరికీ అలవాటు లేదు. వారం వారం ఆరూ పదిహేనుకు పెట్టె మాత్రం "పద్నాలుగు రాలేదు" అని రాసుకుంటూ వచ్చింది. పదోసారి రాయబోయినప్పుడల్లా దారితప్పి, అంతా మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి రాసుకుంది.

"ఆ జాబితాకి హద్దు పెట్టలేదు నేను," అంది హెల్వి. తప్పు ఒప్పుకునే గొంతు అది, నా మినిట్స్‌లో ఎక్కాల్సింది. "ఇరవై తొమ్మిదేళ్ళు కొత్తవాళ్ళకి అదే నేర్పాను, దేనికైనా హద్దు పెట్టండర్రా అని. నా సొంత పెట్టెకే పెట్టలేదు."

"ఎందుకని?"

"వరసగా పది వారాలు సౌనాకి రాని మనిషి ఉంటాడని ఎవరనుకుంటారు?"

ఆలోచించాను. నాకూ అలాంటి మనిషి తట్టలేదు.

"ప్లగ్గు పీకి పెడితే జాబితా చెరిగిపోదా?" అన్నాను, కార్యదర్శులకు తగిన లౌక్యంతో. "ఇవాళ పీకుదాం. మళ్ళీ పది వారాల దాకా నిశ్చింత."

ఆమె నన్ను చూసిన చూపుకు స్టూలు కూడా కాస్త జరిగింది. "పీకచ్చు. పది వారాల తరువాత మళ్ళీ పీకచ్చు. నేను పోయాక ఎవరు పీకుతారు? నువ్వా? నువ్వు నాకంటే మూడేళ్ళు పెద్ద. పెట్టె అంటే మనుషులు లేకపోయినా నడవాలి."

ఆ తరువాతి రెండు రోజులు ఆమె కిటికీ దగ్గర కాగితాలు పరుచుకుని కూర్చుంది. జాబితాకు హద్దు పెట్టాలంటే ప్రోగ్రాంలో కొత్తగా ఎనిమిది బైట్లు రాయాలి. ప్రోగ్రాం ఉండే చోటు వేరే, రెండు వేల చిల్లర బైట్లు, అదీ నిండుకుండే. ఎక్కడో ఎనిమిది మిగల్చాలి. ఒకేలా ముగిసే రెండు ముక్కలు వెతికి, రెంటికీ ఒకే ముగింపు తగిలించింది. ఆరు మిగిలాయి. ఇంకో రెండు కావాలి. ఏది తీసినా ఎవరిదో ఒక సౌకర్యం పోతుంది, అది సమావేశం అనుమతి లేకుండా తీయడానికి వీల్లేదు. అనుమతి మంగళవారం. శుక్రవారం ముందే వస్తుంది.

"పైగా," అంది, "హద్దు పెట్టినా జాబితా నిండా అర్వియే. ఇంకెవరైనా ఒక వారం రాకపోతే రాసుకోవడానికి చోటుండదు. ఇది కాగితం మీద తెగేది కాదు. పద, రౌని దగ్గరికి."

"ఏమని అడుగుతావు?"

"దారిలో ఆలోచిస్తా." రౌని ఇల్లు పై అంతస్తే. దారి పదహారు మెట్లు.

రౌని కెంప్పైనెన్‌కు డెబ్బయ్యెనిమిది. కాఫీ పెట్టి, ఈస్టరుకు చేసి ప్రతి ఇంట్లోనూ మిగిలిపోయే నల్లటి రై ధాన్యపు పిండివంట మీద మీగడ పోసి మా ముందుంచింది. తిన్నాం. మొదటి కప్పు కాఫీ మౌనంగా తాగాం. రెండో కప్పూ అంతే. మూడో కప్పు పోస్తుంటే హెల్వి అంది:

"రౌనీ. నీ పద్నాలుగు."

రౌని కెటిల్ దించింది. "తీసేయడానికి వచ్చారా?"

"కాదండీ," అన్నాను కంగారుగా. "మీ కోసమే ఉంచాం. మీరు వస్తున్నారనే అనుకున్నాం."

"నా కోసమా? అర్వి గుర్తుగా ఉంచారనుకున్నాను నేను. చనిపోయిన మనిషి గౌరవానికి ఉంచిన గంటలోకి చెంబు పట్టుకుని ఎలా దిగుతాను? పదిహేడు నెలల నుంచి ఇంట్లో షవరు కింద నిలబడి స్నానం చేస్తున్నా. బస్టాండులో తడిసినట్టు ఉంటుంది."

"ఒక్క మాట అడగాల్సింది," అంది హెల్వి.

"మీరు అడగలేదుగా."

మేమిద్దరం మీగడ మీద దృష్టి పెట్టాం.

"ఇంకోటి కూడా ఉందిలే," అంది రౌని కాసేపటికి. "అర్వి రాళ్ళ మీద నీళ్ళు పోసేవాడు. నేను చాలనేదాన్ని. అతను ఇంకో గరిటె పోసేవాడు. యాభై రెండేళ్ళు అదే. ఇప్పుడు నేనే పోసుకుని నాకు నేనే చాలనుకోవాలా?"

హెల్వి చెంచా కింద పెట్టింది. "శుక్రవారం సాయంత్రం నాకు పనేం లేదు."

"నువ్వు ఎన్ని గరిటెలు పోస్తావు?"

"చాలనేదాకా."

"అయితే నాకు పడదు."

"చాలన్నాక ఇంకోటి పోస్తా."

రౌని కెటిల్ మళ్ళీ తీసి, ఆగిపోయిన మూడో కప్పు నింపింది. "చూద్దాం," అంది. మెట్లు దిగుతూ నేను "చూద్దాం అంటే ఏమిటి?" అని అడిగాను. "చూద్దాం అంటే చూద్దాం," అంది హెల్వి.

ఏప్రిల్ పది, శుక్రవారం. అయిదూ యాభైకే నేను నేలమాళిగలో ఉన్నాను. నా వంతు ఎనిమిదింటికి, కానీ చరిత్ర జరిగే చోట కార్యదర్శి ఉండాలి. హెల్వి బెంచీ మీద గీతల అంగీలో, ఒళ్ళో తువ్వాలుతో కూర్చుని ఉంది. ఆరయింది. పెట్టె క్లిక్కుమంది. ఆరూ అయిదు. మెట్ల మీద రబ్బరు చెప్పుల చప్పుడు. తైస్తో!

"నీ వంతు ఏడింటికి కదా," అన్నాను.

"ఈసారి అది చచ్చేటప్పుడు పక్కనే ఉండి చూద్దామని వచ్చా," అన్నాడు, గడియారం చేతిలో పట్టుకుని. "ఏమ్మా హెల్వీ, ఇవాళ ఏమంటావు? తేమేనా?"

"కాదు. మర్యాద."

అతనికి అర్థం కాలేదు, ఆమె విప్పి చెప్పలేదు. ఆరూ పది. ఆరూ పన్నెండు. నా చెయ్యి నా ప్రమేయం లేకుండానే ప్లగ్గు వైపు జరిగింది.

"ఓస్మో. చెయ్యి జేబులో పెట్టుకో."

"నాకిది స్నానపు అంగీ. జేబు లేదు."

"అయితే వెనక పెట్టుకో."

ఆరూ పదమూడు. పైన ఎక్కడో తలుపు మూసుకుంది. నెమ్మదిగా, మెట్టుకు ఒకసారి ఆగుతూ, అడుగులు. రౌని కెంప్పైనెన్ నీలం అంగీలో, తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో రాగి గరిటెతో దిగింది. పిడి మీద నల్లగా అరిగిన అయిదు వేళ్ళ గుర్తులు. మా ముగ్గుర్నీ వరసగా చూసింది.

"ఏమిటిది, మునిసిపల్ ఎన్నికలా?"

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి, మీట పద్నాలుగు దగ్గరికి తిప్పి, ఒక్క క్షణం ఆగి, నొక్కింది. ఆకుపచ్చ దీపం మూడుసార్లు మెరిసి నిలిచింది. లోపల తొమ్మిది పద్నాలుగులు చెరిగిపోయాయి. బయటికేమీ కనబడలేదు, కానీ హెల్వి ఊపిరి వదలడం నాకు వినిపించింది.

తైస్తో గడియారం చూశాడు. "ఇంకా అరనిమిషం ఉంది," అన్నాడు. బస్సు డ్రైవరు నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

"తైస్తో," అంది రౌని, "ఏడు దాకా నేను బయటికి రాను. పైకి పోయి కాఫీ తాగు. హెల్వీ, రా."

తలుపు మూసుకుంది. రాళ్ళ మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. "చాలు!" అని వినిపించింది. మళ్ళీ చుయ్యి. ఆ తరువాత వచ్చిన నవ్వులో ఒకటి నాకు తెలుసు, రెండోది పదిహేడు నెలలుగా విననిది.

ఏడింటికి తైస్తోకి దొరికిన వేడి ఎనభై నాలుగు డిగ్రీలు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, రాసుకోమని.

మంగళవారం సమావేశంలో సైకిళ్ళ ప్రతిపాదన ఉపసంహరించబడింది. హెల్వి లేచి, రెండు బైట్లు కావాలని, అందుకు సభ్యులు ఏదో ఒక సౌకర్యం వదులుకోవాలని అడిగింది. క్రిస్మస్ ముందురోజు సౌనా మధ్యాహ్నమే వేడెక్కే ఏర్పాటు తీస్తే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. సభలో ఒక గుర్రుమనే శబ్దం పుట్టింది. అది మా వాళ్ళ విప్లవం. ఆఖరికి తైస్తోయే లేచాడు.

"ఆ దీపం మూడుసార్లు ఎందుకు మెరుస్తుంది?"

"తొంభై ఎనిమిదిలో నువ్వే అడిగావు," అంది హెల్వి. "ఒక్కసారి మెరిస్తే కనబడదన్నావు. నాలుగు బైట్లు పట్టింది."

తైస్తో మెడ తడుముకున్నాడు. "నాకు కంట్లో శుక్లం తీశారు. ఒక్కసారి చాలు."

నాలుగు బైట్లు వచ్చాయి. కావాల్సినవి రెండే. హద్దు పెట్టడం ఆ వారమే అయిపోయింది. పద్నాలుగో నంబరు పక్కన "రౌని, హెల్వి" అని నేను స్వయంగా రాశాను. హెల్వి ఇంట్లో ఇప్పుడు అయిదు కప్పులున్నాయి. ఈసారి పాతదేదీ ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

మిగిలిన రెండు బైట్లు ఏం చేయాలని సమావేశంలో నేను అడిగాను, పుస్తకంలో ఏదో ఒకటి రాయాలి కదా.

"ఉండనీ," అంది. "ఎవరికో ఏదో కావాల్సివస్తుంది."

రెండు బైట్లు ఖాళీగా ఉంచడమైనది. ఏకగ్రీవం. ఈసారి ఎవరూ నిద్రపోలేదు.